తాన్సేన్‌లో మా కాపురం: నేపాల్ కొండ ఊళ్లో కొన్నాళ్లు ఉండాలనుకునేవాళ్లు అడగండి

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. ముక్తినాథ్ యాత్ర చర్చలో నేను తాన్సేన్‌లో ఉంటున్నానని రాయగానే చాలామంది విడిగా మెసేజ్‌లు పెట్టారు. ఒక్కొక్కరికీ రాసేకన్నా ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తాన్సేన్ పశ్చిమ నేపాల్‌లో పాల్పా జిల్లాకి ముఖ్య పట్టణం. సునౌలీ సరిహద్దు దాటాక భైరహవా, బుట్వల్ మీదుగా పోఖరా వెళ్లే సిద్ధార్థ రాజమార్గం ఉంది కదా, ఆ దారిలో బుట్వల్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు పైకి వస్తే మా ఊరు. ఎత్తు 1,350 మీటర్ల దాకా ఉంటుంది. రోడ్డు మీద ముక్తినాథ్ వెళ్లే మన యాత్రికుల బస్సులు కింద బర్తుంగ్ మీదుగానే పోతాయి. టీ తాగి, పక్క కొండ మీద ఇంత పాత ఊరు ఉందని తెలియకుండానే వెళ్లిపోతుంటారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

మాది బాపట్ల. మా ఆయన ఇక్కడికి దగ్గర్లో ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెబుతారు. నేను ఇంట్లో కూర్చుని లెక్కల పని చేసుకుంటాను. మేముండేది పాత బజారుకి పైన, రాతిపలకలు పరిచిన నిట్టనిలువు సందులో. ఈ ఊళ్లో చదునుగా ఉన్న నేల అంటే కింద తుండిఖేల్ మైదానమే. మిగతాదంతా ఎక్కడం, దిగడం.

ముందే ఒక మాట. ఇక్కడ ఇండియా వాళ్లకి వీసా అక్కర్లేదు. 1950 శాంతి, మైత్రి ఒప్పందం పుణ్యమా అని వచ్చి ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. దానివల్ల మనం వచ్చింది వేరే దేశానికి అన్న సంగతే చాలామందికి తట్టదు. కానీ ఇది వేరే దేశమే. ఆ సంగతి మనసులో పెట్టుకుని వచ్చినవాళ్లే ఇక్కడ సుఖంగా ఉండటం నేను చూశాను.

నడకరాయుడు:
మంచి పని చేశారండీ. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఏటా ఒకసారి కొండలకి పోతాను. రానీమహల్ నడక గురించి విన్నాను. ఒక్కరోజులో వెళ్లి రాగలమా? ఊళ్లో ఇంకా ఏమున్నాయి చూడటానికి?

డాలస్_సుబ్బు:
నాది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయులకిచ్చే) కార్డు ఉంది. అమ్మానాన్నలు గుంటూరులో. వాళ్లతో కలిసి గోరఖ్‌పూర్ మీదుగా వచ్చి ఒక రెండు నెలలు ఉందామని ఆలోచన. ఓసీఐ ఉంటే వీసా లేకుండా రానిస్తారా?

కృష్ణాతీరం:
సుబ్బు గారూ, రానివ్వరు. ఓసీఐ అనేది ఇండియాలోకి రావడానికి మాత్రమే. నేపాల్ దృష్టిలో మీరు అమెరికా పౌరులే. సునౌలీ దాటగానే అవతల బేలహియాలో నేపాల్ ఇమిగ్రేషన్ ఆఫీసు ఉంది, అక్కడే వీసా ఇస్తారు. 15 రోజులకి 30 డాలర్లు, 30 రోజులకి 50, 90 రోజులకి 125. పర్యాటక వీసా మీద ఒక క్యాలెండర్ సంవత్సరంలో మొత్తం 150 రోజులు దాటి ఉండకూడదు. రెండు నెలలైతే నేరుగా 90 రోజులది తీసుకోండి, మధ్యలో పొడిగింపుల తలనొప్పి ఉండదు.

చాలామంది మర్చిపోయేది ఇంకోటి. అక్కడ మన సరిహద్దు బజారులో జనం అటూ ఇటూ ఎవరినీ అడక్కుండా నడిచి పోతుంటారు. వాళ్లతో పాటు మీరూ నడిచిపోవద్దు. ముందు ఇండియా వైపు ఇమిగ్రేషన్‌లో బయటికి వెళ్తున్నట్టు ముద్ర, తర్వాత నేపాల్ వైపు లోపలికి వస్తున్నట్టు ముద్ర, రెండూ పడాలి. ఒకటి లేకపోయినా తిరుగు ప్రయాణంలో చిక్కే. అమ్మగారికి, నాన్నగారికి ఇవేమీ ఉండవు, ఓటరు కార్డో పాస్‌పోర్టో దగ్గర ఉంచుకుంటే చాలు. విమానంలో వచ్చేట్టయితే వాటిలో ఒకటి తప్పనిసరి.

రాయుడు గారూ, రానీమహల్ మీద విడిగా రాస్తాను, దాన్ని రెండు ముక్కల్లో తేల్చలేను.

ఓరుగల్లు_వాసి:
నేను బుట్వల్‌లో ఒక కంపెనీ తరఫున కొంతకాలం పనిచేశాను. మేడమ్ గారు మంచి సంగతులే రాశారు కానీ, రెండో వైపు కూడా చెప్పాలి. కింద తరాయి మైదానంలో హిందీతో బతికేయొచ్చు. పైకి వెళ్లేకొద్దీ ఇండియా వాళ్లంటే ఒక రకమైన దూరం ఉంటుంది. 'ధోతీ' అని ఎగతాళిగా వెనక నుంచి అనడం నా చెవులతో విన్నాను. ఐరోపా వాళ్లొస్తే ఇచ్చే మర్యాద మనకి ఇవ్వరు. దానికి సిద్ధపడే రావాలి.

సత్యవతి_టీచర్:
ముక్తినాథ్ వెళ్లినప్పుడు నేను ఆ దారిలోనే వెళ్లానమ్మా. మా బస్సు కింద రోడ్డు మీదే ఆగింది, పైన ఊరుందని ఎవరూ చెప్పలేదు. వంట సంగతి చెప్పు తల్లీ. బియ్యం, చింతపండు, కరివేపాకు దొరుకుతాయా? పెద్దవాళ్లు ఎవరైనా వచ్చి ఉండాలంటే మొదట అడిగేది అదే.

కృష్ణాతీరం:
టీచర్ గారూ, బియ్యం గురించి మీరు సంతోషిస్తారు. తరాయిలో సాంబా మసూరి బాగా పండిస్తారు. అది మా బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన బీపీటీ 5204 రకమే. వరద నీళ్లలో మునిగినా తట్టుకునే సాంబా మసూరి సబ్-1 రకాన్ని నేపాల్ ప్రభుత్వం 2011లో విడుదల చేసింది. బుట్వల్ బియ్యం కొట్లో మొదటిసారి బస్తా మీద ఆ పేరు చూసి నేను కొట్టతనికి మా ఊరి సంగతంతా చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు.

చింతపండు, కరివేపాకు మాత్రం బుట్వల్ వెళ్లినప్పుడు తెచ్చుకుంటాం. కందిపప్పు దొరుకుతుంది. ఇక్కడి వంటలో రెండు మన పెద్దవాళ్లకి వెంటనే నచ్చుతాయి. ఒకటి చుకౌనీ, ఉడికించిన బంగాళాదుంప ముక్కలు, ఉల్లిపాయ పెరుగులో కలిపి, మెంతులు, పసుపు వేసి తాలింపు పెడతారు. పాల్పా పేరు చెబితే నేపాల్ అంతా మొదట తలుచుకునేది దాన్నే. రెండోది బటుక్. పప్పు నానబెట్టి రుబ్బి, మధ్యలో చిల్లు పెట్టి నూనెలో వేయిస్తారు. మా అత్తగారు చూడగానే "గారెలు" అని పేరు పెట్టేశారు, ఇంట్లో ఇప్పటికీ అదే పేరు.

కష్టమేమిటంటే నీళ్లు. తాన్సేన్ కొండ అంచు మీద ఉంది, నది ఎక్కడో కింద. కుళాయి నీళ్లు రోజూ రావు. ఎండాకాలంలో మరీ ఇబ్బంది. ఇల్లు చూసేటప్పుడు కిటికీలోంచి హిమాలయాలు కనిపిస్తాయా అని తర్వాత అడగండి, ముందు ట్యాంకు ఎంతది, నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి అని అడగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే పై సందుల్లో ఇల్లు తీసుకోవద్దు. బస్‌పార్క్ వైపు కింద చూడండి.

ఓరుగల్లు గారూ, మీరు విన్నది అబద్ధం అనను. ఆ మాట నేనూ విన్నాను. రాత్రికి తీరిగ్గా రాస్తాను.

కృష్ణాతీరం:
ఓరుగల్లు గారు లేవనెత్తిన సంగతి.

2015 సెప్టెంబరులో నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. అదే నెలలో సరిహద్దుల దగ్గర సరుకు లారీలు ఆగిపోయాయి. తరాయిలో ఉండే మధేసీల ఆందోళనల వల్లే ఆగాయని, తాము దిగ్బంధం పెట్టలేదని మన ప్రభుత్వం చెప్పింది. ఇక్కడివాళ్లు మాత్రం దాన్ని ఇండియా పెట్టిన నాకాబందీ అనే అంటారు. ఐదు నెలలకి దగ్గరగా సాగింది. గ్యాస్ సిలిండర్లు సగం నింపి ఇచ్చేవాళ్లు. ఏప్రిల్‌లో పెద్ద భూకంపం వచ్చి వేలమంది పోయిన ఏడాది అది. మా ఇంటి యజమానురాలు ఆ చలికాలం అంతా మేడ మీద కట్టెల పొయ్యి పెట్టి వండిందట. ఆ కథ ఆవిడ నాకు చెప్పింది కోపంతో కాదు, నేను అడిగితే చెప్పింది. ఆ తర్వాత లిపులేఖ్, లింపియాధురా ఎవరివన్న సరిహద్దు పటాల గొడవ. వీటన్నిటి తర్వాత కూడా మనల్ని వీసా లేకుండా రానిస్తున్నారు, ఇల్లు అద్దెకిస్తున్నారు.

దానికి ఇంకో వైపు ఉంది. పాల్పా కొండల్లో ఎక్కువమంది మగర్లు. తరతరాలుగా గూర్ఖా రెజిమెంట్లలో చేరిన జాతి. మా సందు చివర ఒక మాజీ సైనికుడు ఉన్నారు, మన సైన్యంలో చేసి రిటైరయ్యారు. పెన్షన్ పని మీద పోఖరాలోని మన పెన్షన్ ఆఫీసుకి వెళ్లొస్తుంటారు. సికింద్రాబాద్‌లో కూడా ఉద్యోగం చేశారు. నేను తెలుగుదాన్నని తెలిసిన రోజు "బాగున్నారా" అని పలకరించారు. 2022లో మన సైన్యంలో అగ్నిపథ్ భర్తీ పథకం వచ్చాక నేపాలీ గూర్ఖాల భర్తీ ఆగిపోయింది. ఆయన మనవడు సైన్యం ఆశ వదులుకుని గల్ఫ్‌కి వెళ్లాడు. దాని గురించి ఆయన ఎక్కువ మాట్లాడరు.

ఇక భాష. హిందీ అందరికీ అర్థమవుతుంది, జవాబూ ఇస్తారు. కానీ కొట్టులోకి వెళ్లి నేరుగా హిందీలో మొదలుపెట్టేవాళ్లతో ఒకలా, "దిదీ, నమస్తే" అని రెండు ముక్కలు నేపాలీలో మాట్లాడేవాళ్లతో ఒకలా ఉంటారు. ఇది నేను రోజూ చూసే విషయం. దేవనాగరి లిపి వస్తే బోర్డులు చదవగలరు, మూడు నెలల్లో మాట వచ్చేస్తుంది. పెద్దవాళ్లని దాయి, దిదీ అని, చిన్నవాళ్లని భాయి, బహినీ అని పిలవడం మనకి కొత్త కాదు కదా. ఐరోపా వాళ్లకి ఎక్కువ మర్యాద దొరుకుతుందనేది కూడా చూశాను. కానీ ఇక్కడ ఏళ్ల తరబడి ఉన్న విదేశీయులు నేపాలీ ఎంత బాగా మాట్లాడతారో కూడా చూశాను.

ఓరుగల్లు_వాసి:
మీరు ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నాకాబందీ సంగతి విన్నాను గానీ సగం సిలిండర్ల విషయం తెలియదు. అయినా నా మాట నాదే. పనికోసం వచ్చిన కుర్రాడికి భాష నేర్చుకునే తీరిక ఉండదు, వాడినీ మర్యాదగా చూడాలి. మన ఊళ్లల్లో హోటళ్లలో పనిచేసే నేపాలీ కుర్రాళ్లని మనం ఎలా పిలుస్తామో అది కూడా గుర్తొచ్చింది, అది వేరే సంగతి.

పక్షిప్రేమి:
వేరే సంగతి కాదు సార్, అదే సంగతి.

నేను అడగాలనుకున్నది పక్షుల గురించి. తాన్సేన్‌లో ఆసుపత్రి పుట్టడానికి పక్షులే కారణమని చదివాను, నిజమేనా?

కృష్ణాతీరం:
నిజమే! ఈ ఊరి కథల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

రాబర్ట్ ఫ్లెమింగ్ అని ముస్సోరీ వుడ్‌స్టాక్ స్కూల్లో పనిచేసే అమెరికన్. రాణా వంశం నేపాల్‌ని ఏలిన కాలంలో అక్కడికి బయటివాళ్లని దాదాపు రానిచ్చేవాళ్లు కాదు. ఆయన పక్షుల మీద పరిశోధనకి అనుమతి సంపాదించి 1949లో ఈ పాల్పా కొండల్లోకి వచ్చారు. బృందంలో డాక్టర్ ఉన్నారని తెలిసి రోగులు వచ్చారు. ఊరి పెద్దలు ఇక్కడే ఆసుపత్రి పెట్టమని అడిగారు. అలా 1954లో నాగపూర్‌లో యునైటెడ్ మిషన్ టు నేపాల్ ఏర్పడింది, అదే ఏడు తాన్సేన్‌లో ఆసుపత్రి మొదలైంది. ఇప్పటికీ చుట్టుపక్కల జిల్లాల నుంచి రోగులు డోకోలో (వీపున మోసే బుట్ట), జీపుల్లో ఇక్కడికే వస్తారు. ఈ ఊరికి విదేశీయులు కొత్త కాకపోవడానికి కారణం అదే. సందులో తెల్లవాళ్ల పిల్లలు కనిపించినా ఎవరూ వింతగా చూడరు.

పక్షులకి శ్రీనగర్ కొండ ఎక్కండి. ఊరి మీదే, 1,500 మీటర్లు దాటిన ఎత్తు. పైన్ చెట్ల అడవి, మధ్యలో లాలీగురాస్ (రోడోడెండ్రాన్) పూల చెట్లు. హిమాలయన్ బుల్‌బుల్ ఇళ్ల దగ్గరే తిరుగుతుంది, గ్రేట్ బార్బెట్ అరుపు వసంతంలో రోజంతా వినిపిస్తుంది. ఆకాశం తేటగా ఉంటే ధవళగిరి నుంచి అన్నపూర్ణ, మాఛాపుచ్రే దాకా కనిపిస్తాయి.

డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే వెళ్లండి. కింద మాడీ లోయ మొత్తం పొగమంచుతో నిండి తెల్లటి చెరువులా ఉంటుంది. ఆ రోజుల్లో తరాయి అంతా శీతలహర్ అని పొగమంచులో రోజుల తరబడి ఎండ లేకుండా వణుకుతుంటుంది, మాకు ఇక్కడ పైన పదింటికల్లా హాయిగా ఎండ. బుట్వల్ వాళ్లు ఎండ కోసం పైకి వస్తారు.

నడకరాయుడు:
రానీమహల్ అండీ, మర్చిపోకండి :)

కృష్ణాతీరం:
మర్చిపోలేదు. ఖడ్గ శంశేర్ అని రాణా వంశంలో ఒకాయన. కాఠ్మాండూలో అధికార పోరులో ఓడినవాళ్లని గవర్నర్ పదవి ఇచ్చి పాల్పాకి పంపడం అప్పటి పద్ధతి, ఒక రకంగా దేశబహిష్కారం. ఆయన భార్య తేజ్ కుమారి ఇక్కడికొచ్చాక పోయింది. ఆమె పేరున కాళీ గండకీ ఒడ్డున, నదిలోకి చొచ్చుకొచ్చిన బండ మీద 1893లో ఈ మేడ కట్టించారు. చాలాకాలం పాడుబడి ఉంది, తర్వాత బాగుచేశారు. అందరూ నేపాల్ తాజ్‌మహల్ అంటారు. ఆ పోలిక నాకు నచ్చదు. తాజ్‌మహల్ దగ్గర జనం, ఇక్కడ నది హోరు తప్ప ఏమీ ఉండదు.

నడక ఒక్కరోజులో అవుతుంది, పొద్దున ఆరింటికి బయల్దేరితే. ఊరి ఉత్తరం అంచు నుంచి దారి పల్లెలు, సాల్ చెట్ల మధ్యగా దిగుతుంది. దిగడానికి మూడు గంటలు వేసుకోండి. ఎక్కడానికి ఇంకా ఎక్కువ. దిగేటప్పుడు ఉషారు మీద నీళ్లన్నీ తాగేస్తారు, తిరుగు దారి నిండా ఎండ. మేడ పక్కన వేలాడే వంతెన ఉంది, అవతలి ఒడ్డుకి వెళ్లి చూస్తేనే మేడ అందం తెలుస్తుంది. ఓపిక లేనివాళ్లకి జీపు దారి కూడా ఉంది. వానాకాలంలో నడక వద్దు, జలగలు, పైగా రాళ్లు జారతాయి.

ఊళ్లో శీతల్‌పాటి అని ఎనిమిది మూలల తెల్ల మండపం, దాన్నీ, రాజభవనం ముందున్న పెద్ద బగ్గీ ఢోకాని కూడా ఖడ్గ శంశేరే కట్టించారు. ఏనుగు మీద కూర్చుని లోపలికి వెళ్లేంత ఎత్తు ద్వారం. వెనకున్న దర్బారు 2006 జనవరి 31న మావోయిస్టుల దాడిలో కాలిపోయింది, మళ్లీ కట్టి మ్యూజియం చేశారు. కింద అమర్‌నారాయణ్ గుడి, మూడంతస్తుల చెక్క పగోడా. దూలాల మీద చెక్కడం చూడటానికి ఒక పూట కేటాయించండి. టక్సార్ వీధిలో కరువా అని ముక్కు ఉన్న ఇత్తడి నీళ్ల చెంబు చేస్తారు. ఢాకా అనే ఇక్కడి నేతబట్ట మగ్గాలు ఊళ్లో ఇంకా ఉన్నాయి, టోపీలు, శాలువాలు నేసినవాళ్ల దగ్గరే కొనండి.

డాలస్_సుబ్బు:
డబ్బు, ఫోన్ సంగతి కూడా చెప్పండి. నాన్నగారు జేబులో 500 నోట్లు పెట్టుకుని వస్తారు, వద్దన్నా వినరు.

కృష్ణాతీరం:
వద్దని గట్టిగా చెప్పండి. 100 నోట్లతో రమ్మనండి. పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతుంటాయి, చిన్న కొట్లవాళ్లు ఎలాగూ తీసుకోరు. మన 100కి ఇక్కడి 160, ఆ లెక్క 1993 నుంచీ మారలేదు. 2024 నుంచి చాలా కొట్లలో ఫోన్‌పే (నేపాల్ కంపెనీ, మన ఫోన్‌పే కాదు) క్యూఆర్ మీద మన యూపీఐ పనిచేస్తోంది, అమ్మానాన్నలకి అది చాలా సుఖం. సిమ్ ఇక్కడిది తీసుకోండి.

గడియారం పావుగంట ముందుకి జరుపుకోండి. వారపు సెలవు శనివారం. అద్దె, బిల్లులు, బడి ఫీజులు అన్నీ విక్రమ సంవత్ నెలల్లోనే. ఇంటావిడ "మసాంత్‌కి ఇవ్వండి" అంటే మన నెలాఖరు కాదు, వాళ్ల నెలాఖరు, అంటే మనకి నెల మధ్యలో. ఒక నేపాలీ పాత్రో (క్యాలెండర్) యాప్ పెట్టుకోండి.

ఓరుగల్లు_వాసి:
రోడ్డు గురించి నేను చెప్తా. బుట్వల్ దాటగానే సిద్ధబాబా గుడి దగ్గర కొండచరియలు మహా ప్రమాదం. ప్రాణాలు పోయిన చోటు. అందుకే అక్కడ సొరంగం పని మొదలుపెట్టారు. వానల్లో గంటలకొద్దీ ఆపేస్తారు. గోరఖ్‌పూర్‌లో రైలు ఉన్న రోజే కొండ దిగొద్దు, ముందు రోజే దిగి బుట్వల్‌లోనో భైరహవాలోనో పడుకోండి. రాత్రి బస్సు అసలొద్దు. విజయవాడ, వరంగల్ వాళ్లకి రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ నేరుగా గోరఖ్‌పూర్ వస్తుంది, ఏయే రోజుల్లో ఉందో చూసుకోండి.

కృష్ణాతీరం:
ధన్యవాదాలు ఓరుగల్లు గారూ, ఇది నేను రాసి ఉండాల్సిన ముఖ్యమైన సంగతి. అందరూ దీన్ని గుర్తుపెట్టుకోండి.

సత్యవతి_టీచర్:
అమ్మా, మా ఇంట్లో అత్తగారి కాలం నాటి సాలగ్రామం ఉంది. కాళీ గండకీ మీ ఊరికి ఇంత దగ్గరని ఇప్పుడే తెలిసింది. ముక్తినాథ్ దాకా మళ్లీ ఎక్కలేను. ఆ నదిలో స్నానం చేసే చోటు దగ్గర్లో ఉందా?

కృష్ణాతీరం:
ఉంది టీచర్ గారూ, రీడీ. రీడీ ఖోలా అనే వాగు కాళీ గండకీలో కలిసే సంగమం. తాన్సేన్ నుంచి బస్సులోనో జీపులోనో సుమారు రెండు గంటలు, అంతా దిగుడు దారి. ఒడ్డునే రిషీకేశ్ గుడి. పాల్పాని ఏలిన సేన్ రాజుల్లో ముకుంద సేన్‌కి ఆ విగ్రహం నదిలో దొరికిందని చెప్పుకుంటారు. ఆ నీళ్లలో ఇప్పటికీ సాలగ్రామాలు దొరుకుతాయి.

మన సంక్రాంతి రోజే అక్కడ మాఘే సంక్రాంతి, వాళ్ల మాఘ నెల మొదటి తేదీ. తెల్లవారుజాము నుంచి స్నానాలు, మేళా. ఇళ్లల్లో తరుల్ దుంపలు, నువ్వుల లడ్డూలు, నెయ్యి, చాకు అనే గట్టి బెల్లం పాకం తింటారు. సంగమం దగ్గర మెట్లున్నాయి, కానీ నది చలికాలంలో కూడా వడిగా ఉంటుంది, చేయి పట్టుకునే మనిషి పక్కన ఉండాలి. రద్దీ వద్దనుకుంటే సంక్రాంతి అయిన వారానికి రండి. మా ఇంట్లోనే దిగమనేదాన్ని, కానీ మా ఇల్లు పై సందులో ఉంది, అందుకే బస్‌పార్క్ దగ్గర తెలిసినవాళ్ల గది మీకోసం చూసి పెడతాను. ఎప్పుడొస్తారో మెసేజ్ పెట్టండి.

సత్యవతి_టీచర్:
జనవరి మూడో వారం. మా తమ్ముడి కొడుకు తోడొస్తాడు. చింతపండు, కరివేపాకు ఎంత తేను?

కృష్ణాతీరం:
కరివేపాకు దారిలో వాడిపోతుంది టీచర్ గారూ, వద్దు. చింతపండు ఒక కిలో చాలు. వీలైతే గుంటూరు కారం.